మూడు వేళ్ళ కొలత

మొదటి రోజు

డాక్టరమ్మ నాకు రెండు పుస్తకాలిచ్చింది. ఎర్ర అట్టదానిలో అంకెలు మాత్రమే రాయాలి. ఈ నీలం అట్టదానిలో నేను చూసిందీ విన్నదీ నాకు తోచిందీ రాయాలి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, నా రాతేమిటమ్మా అంటే, "మీకు తోచినట్టు రాయండి చిలకమ్మగారూ, తప్పులు నేనేం దిద్దను" అంది. దిద్దదు సరే, చదివి నవ్వితే? ఆ భయంతోనే మొదలుపెడుతున్నాను.

పని ఇదీ. నాచు కోయడానికి పొద్దున్న ఆరింటికి మునిగిన ఇరవై నలుగురూ పన్నెండింటికి పైకి తేలి మా మేడకి వస్తారు. ఒకప్పుడు ఇది ఏదో ఆఫీసట. ఇప్పుడు రెండో అంతస్తు కిటికీలకి పడవలు కట్టేస్తాం, మూడో అంతస్తులో డాక్టరమ్మ గది. అక్కడ ఒక్కొక్కరి వీపు మీంచి మొప్పపెట్టె దింపించి, కరుపు తీసుకుని, వేడినీళ్ళలో కడగాలి. తర్వాత మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి నొప్పి పదికి ఎంతో అడగాలి. నోరు ఎన్ని వేళ్ళు తెరుచుకుంటోందో చూడాలి.

నేను మునిగే రోజుల్లో మొప్పపెట్టెలు లేవు. ఊపిరి బిగబట్టి దిగడం, చేతికందిన నాచు కోసుకుని పైకి రావడం. ఊపిరి అందనివాళ్ళు కిందే ఉండిపోయారు. ఇప్పుడు ఆ పెట్టె నీళ్ళలోంచే గాలి లాగి ఇస్తుంది, ఆరు గంటలు కింద ఉండొచ్చు. కాకపోతే ఆ ఆరు గంటలూ గొట్టం చివరి రబ్బరు ముక్కని పళ్ళతో కరిచిపట్టుకునే ఉండాలి. అదే కరుపు. వదిలితే నోట్లోకి నీళ్ళు. రోజుకి ఆరు గంటలు, ఏళ్ళ తరబడి కరిస్తే దవడ ఏమవుతుంది? చెవి పోటు, కణతల పోటు, నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు. ఆ జబ్బు కోసమే డాక్టరు ఉదయిని కొండమీద ఊరు వదిలి ఈ నీళ్ళలోకి వచ్చింది. ఆవిడ చదువంతా దవడ కీళ్ళ మీదేనట. దవడకి అంత చదువుంటుందని నాకు తెలీదు.

పన్నెండుమందికి వాళ్ళ పళ్ళ అచ్చు తీసి మెత్తటి కరుపులు చేసింది. మిగతా పన్నెండుమందికీ మునిగేవాళ్ళ సంఘం ఇచ్చే పాత కరుపులే. నలభై రోజులు చూసి తేడా చెబుతుంది. తేడా ఉంటే అందరికీ కొత్తవి. చీటీలు తీస్తే మా అన్న కూతురు అసిరికి పాతదే వచ్చింది.

మూడో రోజు

నొప్పి పదికి ఎంత అంటే ఇరవై ముగ్గురు రెండే అన్నారు. ఒకరి వెనక ఒకరు బల్ల ఎక్కి రెండు, రెండు, రెండు. దాలయ్య ఒక్కడే, ఆ కొండంత మనిషి, "నాకు ఒకటిన్నర రాసుకో మామ్మా, నాను ఆళ్ళందరికన్నా గట్టోడిని" అన్నాడు.

ఎందుకలా అంటారో డాక్టరమ్మకి తెలుసు. నొప్పి ఎక్కువున్నవాళ్ళకీ, నోట్లో మూడు వేళ్ళు పట్టనివాళ్ళకీ మునగొద్దని ఆవిడ చీటీ రాస్తుంది. పద్నాలుగు రోజులు తాడు విడిచినవాళ్ళ చోటు సంఘం ఇంకొకరికి ఇచ్చేస్తుంది. కింద పాత ఊరి దీపస్తంభాలకి కట్టిన, నాచు పెంచే తాళ్ళు అవి, ఒక్కో తాడు ఒక్కో ఇంటిది. అసిరిది మా అన్న తాడు. అన్నా వదినా పోయాక పిల్ల నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఆ తాడు తప్ప దానికి వాళ్ళ నాన్నది ఇంకేమీ మిగల్లేదు.

అందుకే అంకె అడిగితే నిజం రాదంటుంది డాక్టరమ్మ. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పళ్ళ మధ్య పెట్టించాలి. మూడూ పడితే దవడ మంచిది. ఎవరి వేళ్ళు వాళ్ళే పెట్టుకోవాలని కూడా చెప్పింది. చెప్పిన మాట నిజమే. కానీ ఆ చేతులు చూస్తే నాకు మనసొప్పలేదు. నాచు జిగురు, తాటి కోతలు, గోళ్ళ నిండా నల్లబురద. పాత ఊరి మురుగంతా కిందే కదా ఉంది! ఆ చేతులు నోట్లో పెట్టించి ఒకరికి విరేచనాలు పట్టుకుంటే ఆ ఉసురు ఎవరికి? అందుకని ఉప్పు వేసిన వేడినీళ్ళలో నా చేతులు కడుక్కుని, నా వేళ్ళే పెడుతున్నాను. వేలు వేలే కదా. నలభై ఏళ్ళుగా నా వేలి గణుపుతోనే అన్నానికి ఎసరు కొలిచాను. ఎవరికీ పలుకు తగల్లేదు.

అందరికీ మూడు వేళ్ళూ పట్టాయి. అసిరికీ పట్టాయి. ఈ పూటకి బతికాను.

తొమ్మిదో రోజు

కరుపులు కడగడమంటే వాటి మీద పళ్ళ గుర్తులు చూడటమే. ఏది ఎవరిదో ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలను. దాలయ్యది ఎడమవైపు అరిగిపోతుంది. అసిరిది మాత్రం రెండువైపులా లోతుగా దిగిపోయింది. సంఘం ఆ పాత రకంలోనే వేరే ముక్క ఇచ్చి వారం కాలేదు. కుక్క కొరికిన చెప్పులా ఉంది.

"అంత గట్టిగా ఎందుకు కరుత్తావే?" అన్నాను.

"కింద నీరు లాగుతాది అత్తా. నువ్వు దిగి సూడు."

"నాను దిగినదాన్నేలే. నొప్పి ఉంటే సెప్పు."

"నేదు. నీ ఎర్ర పుస్తకంలో ఏటి రాసుకున్నావు? మూడు. మరేటి?"

నిజమే, మూడే రాసుకున్నాను. పుస్తకం బాగుందంటోంది, రబ్బరు బాగాలేదంటోంది. దేన్ని నమ్మాలో తెలియక రెండూ డాక్టరమ్మకి చూపించాను. రబ్బరు ముక్క వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. "దీనికంటే కొలత ముఖ్యం చిలకమ్మగారూ. కొలత బాగుంటే ఫర్వాలేదు" అంది. కొలత నాదే కాబట్టి కాస్త గర్వంగా ఉండాల్సింది. ఉండలేదు.

పద్నాలుగో రోజు

అసిరి అన్నం నమలడం మానేసింది. గంజి చేయమంటుంది. ఆకలి లేదంటుంది, ఎండ అంటుంది. చేపముక్క వేస్తే చిదిపి మింగేస్తుంది. ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టి ఆపుకుంటోంది. నేను చూస్తున్నానని తెలిసి లేచి వెళ్ళిపోయింది.

ఇవాళా మూడు వేళ్ళూ పట్టాయి.

పంతొమ్మిదో రోజు

సంఘం పెద్ద సన్యాసయ్య వచ్చి ఎర్ర పుస్తకం తిరగేశాడు. చదువుతున్నంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడు.

"అన్నీ మూడే కదమ్మా డాక్టరమ్మా. కొత్త కరుపుకీ పాత కరుపుకీ తేడా ఏటుంది?"

"ఇంకా ఇరవై రోజులున్నాయండి. చూద్దాం."

"సూడండి, సూడండి. నలభయ్యో రోజు మీటింగెడతాను. ఇలాగే ఉంటే కరుపులు మార్సే పని నేదు. ఇంకో మాట. ఎగువ ఊళ్ళకి నాచు సాలడం నేదు. దవడలు ఇంత బాగున్నాయని మీ పుత్తకమే సెప్తే, మరి ఆరు గంటలు ఎనిమిది సెయ్యొచ్చు."

ఆయన వెళ్ళాక డాక్టరమ్మ అచ్చు పిండి కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది. అది గిన్నెలోనే గట్టిపడిపోయింది. దాన్ని ఉలితో గీకేసరికి నాకు సాయంత్రమైంది.

ఎనిమిది గంటలు! అసిరి ఎనిమిది గంటలు కరవాలి.

ఇరవై ఆరో రోజు

ఇవాళ డాక్టరమ్మ తనే అసిరి చెంపలు తడిమి చూసింది. "పళ్ళు బిగించమ్మా. వదులు. మళ్ళీ బిగించు." అసిరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత పాత కరుపులవాళ్ళందరినీ అలాగే చూసింది. నా వైపు తిరిగి, "కండలు రాళ్ళలా ఉన్నాయి చిలకమ్మగారూ. ఇలాంటి కండలతో నోరు మూడు వేళ్ళు తెరుచుకోదు. నా ఇరవై ఏళ్ళ పనిలో అలా తెరుచుకోవడం చూడలేదు. నేను నేర్చుకున్నదే తప్పేమో" అంది.

మొహం పీక్కుపోయింది ఆ డాక్టరు పిల్లకి. అవును, నాకు పిల్లే. ఒక్కర్తీ ఉంటుంది. తింటోందో లేదో. కాసింత చారు కాచి తీసుకెళ్ళాను. పుస్తకాల ముందు కూర్చుని ఉంది. తిన్నట్టు లేదు.

ముప్పై ఒకటో రోజు

దాలయ్య నా వేళ్ళని తోసేశాడు.

"నీ ఏళ్ళు ఎండుసేపల్లాగ ఉన్నాయి మామ్మా. ఉప్పు కంపు. ఈ పొద్దు నాయే ఎట్టుకుంటాను."

"నీ సేతులు సూసుకో ముందు."

"కడుక్కుని వొచ్చాన్లే." చేతులు చూపించాడు. నిజంగానే కడుక్కున్నాడు. నోరు తెరిచి రెండు వేళ్ళు పెట్టాడు, మూడోది పెట్టబోయాడు. పంటికి తగిలి ఆగింది. మళ్ళీ తోశాడు. ఆగింది. వేళ్ళు బయటికి లాగి వాటినే చూసుకుంటూ నవ్వాడు. "నాయి ఏళ్ళు కాదు, అరటికాయలు."

వరసలో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా చెయ్యి చూసుకున్నాను. డెబ్భై ఏళ్ళ చెయ్యి. చర్మం, ఎముక. నా మూడు వేళ్ళు కలిపితే దాలయ్య రెండు వేళ్ళంత లేవు.

ఎర్ర పుస్తకంలో ఏం రాయాలో తోచలేదు. మూడు అని రాసేశాను.

ముప్పై రెండో రోజు

పొద్దున్న మునగడానికి వెళ్ళబోతుంటే అసిరిని తలుపు దగ్గర ఆపాను.

"నోరు తెరు. నీ ఏళ్ళు ఎట్టు."

"ఇదేటి ఇక్కడ? టైమైపోతాది."

"ఎట్టు."

నా మొహం చూసి పెట్టింది. చూపుడు వేలు వెళ్ళింది. మధ్య వేలు సగం వెళ్ళి ఆగింది. అంతే. ఒకటిన్నర. రోజూ మూడు అని రాసినది ఈ నోటికే. పట్టకపోతే వేళ్ళు ఏటవాలుగా తోసి, పట్టాయనుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు గుర్తొస్తున్నాయి.

"నీకు తెలుసేటే?"

"తెలుసు. నీ ఏళ్ళు సన్నం కాబట్టి బతికాను." కరుపు తీసుకుని గుడ్డలో చుట్టుకుంది. "ఎవులికీ సెప్పకు అత్తా. మా నాన్న తాడు పోద్ది."

"నొప్పి ఎంత? నిజం సెప్పు."

"నొప్పికేటి. మొన్న కింద దవడ ఓ పక్కకి జారిపోనాది. కరుపు ఒదిలేసింది నోరు. సేత్తో నొక్కి పట్టుకుని పైకొచ్చాను." ఏదో చేపని పట్టుకున్నట్టు చెప్పింది. "సెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టు వేయించుకోకుండానే వెళ్ళిపోయింది.

ముప్పై మూడో రోజు

ఒట్టు వేయలేదు కదా. అది వేయించుకోనూ లేదు. ఆ మాటే పొద్దుట్నుంచీ తిప్పి తిప్పి అనుకుంటున్నాను.

ఇరవై నలుగురికీ మూడు రాశాను.

ముప్పై నాలుగో రోజు

పుస్తకం దాచేద్దామనుకున్నాను. నీళ్ళలో పడిపోయిందంటే? పడిపోతే మళ్ళీ నలభై రోజులు చేయిస్తారు, లేకపోతే పుస్తకం లేకుండానే ఎనిమిది గంటలు చేసేస్తారు. జ్వరమని పడుకుందామనుకున్నాను. పడుకుంటే కరుపులు కడిగేవాళ్ళు లేరు. ఏమనుకున్నా చివరికి అసిరి కింద ఉండటం దగ్గరే ఆగుతోంది. రెండు చేతులతోనూ తాడు పని చేయాలి కదా. కరుపు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది?

ముప్పై ఆరో రోజు

చెప్పేశాను.

డాక్టరమ్మకి మొదట అర్థం కాలేదు. "మీ వేళ్ళంటే?" అంది. చెయ్యి చూపించాను. తన చెయ్యి పక్కన పెట్టి చూసింది. ఆ తర్వాత ఎర్ర పుస్తకం మొదటి కాగితం తీసి, రెండోది తీసి, అలా అన్నీ తిప్పి, మూసేసింది.

"ముప్పై ఆరు రోజులు, చిలకమ్మగారూ."

"సేతులు మురికిగా ఉన్నాయనమ్మా..."

"ఎవరి వేళ్ళు వాళ్ళే పెట్టుకోవాలని చెప్పానా లేదా?"

"సెప్పావు తల్లీ."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నోటికీ నోటికీ కొలత వేరు. చిన్న మనిషికి చిన్న నోరు, వేళ్ళూ చిన్నవే. అందుకని ఎవరి చెయ్యి వాళ్ళకే కొలబద్ద. ఇది నా తప్పు కూడా. ఒక్కరోజైనా మీ పక్కన నిలబడి చూడలేదు. అచ్చులు, అచ్చులు అని ఆ మూల కూర్చున్నాను."

అసిరి సంగతి కూడా చెప్పాను. దవడ జారిందని చెప్పగానే లేచి నిలబడింది. "ఇంక మునగకూడదు. రేపట్నుంచే."

"దాన్నొక్కర్తినే ఆపితే అది నన్ను సంపేత్తాది. తాడు పోద్దమ్మా."

"తాడు కావాలా, మనిషి కావాలా?"

ఆ ప్రశ్న అడగడం తేలిక. అన్నీ పోగొట్టుకున్న పిల్లని అడగమనండి.

చివరికి ఆవిడ ఒక మాట అంది. "నలభయ్యో రోజు మీటింగులో ఈ పుస్తకం చెల్లదని నేను చెబితే నమ్మరు. లెక్క నాకు నచ్చలేదు కాబట్టి కొట్టేశానంటారు. కొలిచింది మీరు. మీరే చెప్పాలి." అప్పటిదాకా అసిరి మునగడం మానదు కాబట్టి దానికి తన దగ్గరున్న మెత్తటి కరుపుల్లో ఒకటి ఉడకబెట్టి, వంచి, పంటికి సరిపెట్టి ఇచ్చింది. లెక్కకి అది తప్పేనట. ఇంకేం లెక్క, అంది.

మీటింగులో మాట్లాడటం! పెళ్ళిచూపుల్లో పేరడిగితే చెప్పలేక ఏడ్చినదాన్ని నేను.

నలభయ్యో రోజు

డాబా మీద మీటింగు. ఎండ. మునిగేవాళ్ళు ఇరవై నలుగురూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ. సన్యాసయ్య ఎర్ర పుస్తకం ఎత్తి చూపించి, "దవడలు ఇనపముక్కల్లా ఉన్నాయి" అని మొదలుపెట్టాడు. ఎనిమిది గంటల మాట వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ నా వైపు చూసింది.

లేచాను. ఎలా లేచానో తెలీదు.

"ఆ పుత్తకం తప్పు. ఎవులి ఏళ్ళు ఆళ్ళే ఎట్టుకోవాలి. నాను నా ఏళ్ళు ఎట్టాను. ఇదిగో." చెయ్యి ఎత్తి చూపించాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. సన్యాసయ్య నవ్వలేదు. "చిలకమ్మప్పా, నలభై రోజులు సేసి ఇప్పుడా సెప్తావు?"

"అవును బాబూ. భయమేసి సెప్పనేదు."

"అయితే ఇప్పుడేటి సెయ్యమంటావు?"

"ఎవులి ఏళ్ళు ఆళ్ళనే ఎట్టుకోమను. ఇక్కడే. నువ్వే సూడు."

ఒక్కరూ కదల్లేదు. నలభై రోజులు రెండు, రెండు అని అబద్ధమాడినవాళ్ళు అందరి ముందూ ఎందుకు పెట్టుకుంటారు? అసిరి నా వైపు చూడటం లేదు. నేల చూస్తోంది. ఇంక అయిపోయిందనుకున్నాను. కూర్చోబోయాను.

"మావా," అని సన్యాసయ్యని పిలుస్తూ లేచాడు దాలయ్య. "నన్ను ఆపేత్తే ఆపీ. నా తాడు నీ అల్లుడికి ఇచ్చీ. ఆడు రెండు రోజులు మునిగి అత్తోరింటికి పారిపోకపోతే అప్పుడడుగు." రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, మూడోది బయటే ఆడిస్తూ, అందరి వైపూ తిరిగి చూపించాడు. ఆ నోటితోనే ఏదో అన్నాడు. అర్థం కాలేదు కానీ తిట్టే అయ్యుంటుంది.

అప్పుడు ఇంకొకరు. ఆ పక్కన ఇంకొకరు. ఇరవై ముగ్గురు నోట్లో వేళ్ళు పెట్టుకుని ఎండలో నిలబడితే ఎలా ఉంటుందో నేను రాయలేను. ఒక పసిపిల్ల వాళ్ళమ్మని చూసి తనూ పెట్టుకుంది. డాక్టరమ్మ వరస వెంట నడుస్తూ లెక్కపెట్టింది. కొత్త కరుపులవాళ్ళు పన్నెండుమందిలో తొమ్మిదిమందికి మూడూ పట్టాయి. పాత కరుపులవాళ్ళలో ఒక్కరికి.

అసిరి చివరిదాకా చేతులు కట్టుకునే ఉంది. తర్వాత నా కళ్ళలోకి చూస్తూ వేలు పెట్టుకుంది. ఒకటి. రెండోది సగం కూడా వెళ్ళలేదు.

సన్యాసయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అందరినీ ఆపితే మునిగేదెవులు? ఎనిమిది గంటల మాట అవతలెట్టండి. కరుపులు అందరికీ మార్పించండి, ఆ కర్సు సంఘానిది. రెండు ఏళ్ళయినా పట్టనోళ్ళు ముగ్గురున్నారు. ఆళ్ళు మాత్రం మునగొద్దు. నా సేతి మీద ప్రాణాలు పోనివ్వను."

"ఆళ్ళ తాళ్ళో?" అన్నాను. అడగగలిగాను.

"పద్నాలుగు రోజుల నియమం నాను రాసింది కాదప్పా. అది మార్సాలంటే మూడు మేడల సంఘాలూ కూసోవాలి. కూసుంటాం."

ఎప్పుడు అని అడిగే ఓపిక నాకు లేకపోయింది.

యాభై అయిదో రోజు

మూడు మేడల సంఘాలూ ఇంకా కూర్చోలేదు. నిన్నటితో పద్నాలుగు రోజులు నిండాయి. పొద్దున్న మా అన్న తాడు మీద తేలే బెండుకి ఎవరిదో పచ్చగుడ్డ కట్టి ఉంది. అవతలి మేడలో కొత్తగా వచ్చిన ఇంటివాళ్ళట. మంచివాళ్ళేనట. అసిరి కిటికీలోంచి చూసింది.

ఈ పద్నాలుగు రోజుల్లో అది నాతో అన్న మాట ఒకటే. "నువ్వు నోరు మూసుకునుంటే సరిపోయేది అత్తా." మాట్లాడొద్దని డాక్టరమ్మే చెప్పింది కాబట్టి మాట్లాడటం లేదో, నా మీద కోపంతోనో, అడగలేదు.

డాక్టరమ్మ మళ్ళీ మొదటి రోజు నుంచీ రాసుకుంటోంది. ఒక్క మధ్యాహ్నం చూసినదాన్ని కొండమీద ఊళ్ళో డాక్టర్లు ఒప్పుకోరట. ఇప్పుడు తనే బల్ల పక్కన నిలబడుతుంది. వాళ్ళ చేతులు కడిగించే పని నాకిచ్చింది. రోజుకి ఇరవై ఒక్క జతల చేతులు. గోళ్ళలో బురద పుల్లతో తీస్తాను. ఇంట్లో అసిరి చెంపలకి వేడిగుడ్డ వేస్తాను. పొద్దున్నా సాయంత్రమూ. వేయనిస్తుంది. అటు తిరిగి వేయించుకుంటుంది.

ఇవాళ గుడ్డ వేస్తుండగానే నిద్రపోయింది. పొద్దున్న పూట అది నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ టైముకి ఎప్పుడూ కిందే ఉండేది. పళ్ళు బిగించి లేవు. పెదాలు విడిపోయి, గడ్డం కాస్త కిందికి జారి, చిన్నప్పుడు అన్న భుజం మీద నిద్రపోయినట్టే ఉంది. లేస్తే మళ్ళీ ఆ పచ్చగుడ్డ చూస్తుంది. ఆ తర్వాత ఏం చేస్తుందో, ఏ మేడకి పోతానంటుందో, నన్ను వదిలేసి పోతుందో.

ఈగలు ముసురుతున్నాయి. పుస్తకం మోకాలి మీద పెట్టుకుని ఒక చేత్తో రాస్తూ ఒక చేత్తో విసురుతున్నాను. భుజం లాగేస్తోంది. విసరడం ఆపితే లేచిపోతుందేమో. ఇంక రాయడమే ఆపేస్తాను.